బండల నేల, తెర మీది అర్ర

ఒక వస్తువును గురించిన ప్రశ్నకు సమాధానం వెతకడానికి, ఆ వస్తువు గుణాలలో ఆ ప్రశ్నకు అవసరమైనవాటిని మాత్రమే ఉంచుకుని, తక్కినవాటిని తెలిసి తెలిసీ వదిలిపెట్టి తయారుచేసుకునే ప్రతిరూపాన్ని నమూనా అంటారు. ఇల్లు కట్టబోయే చోట మేస్త్రి సున్నం పొడితో నేల మీద పోసే ముగ్గు తెలుగు ఊళ్లలో అందరూ ఎరిగిన నమూనా. అందులో గోడల ఎత్తు ఉండదు, ఇటుకల రంగు ఉండదు, పైకప్పు ఉండదు. అయినా ఏ అర్ర ఎక్కడ వస్తుందో, దర్వాజ ఎటు పడుతుందో, వంటింటికీ నడిమింటికీ మధ్య ఎంత చోటు మిగులుతుందో ఇంటివాళ్లు ఆ గీతల మధ్య నడిచి చూసుకుని, పునాది తవ్వకముందే తప్పును దిద్దించుకోగలుగుతారు. గీత చెరిపి మళ్లీ పోయడానికి పిడికెడు సున్నం చాలు. కట్టిన గోడను కూల్చి మళ్లీ కట్టడానికి ఎన్నో రోజుల కూలి కావాలి. నమూనా విలువ అంతా ఈ తేడాలోనే ఉంది.

ఆ ముగ్గులోని గీతలను సంఖ్యలుగా మార్చి, వాటికి ఎత్తునూ మందాన్నీ జోడించి, కావలసిన వైపు నుంచి చూసేందుకు వీలుగా కంప్యూటర్‌లో భద్రపరిస్తే అది కంప్యూటర్ నమూనా అవుతుంది. వంతెనలు, విమానాలు, వానల రాకపోకలు, రోగాల వ్యాప్తి వంటివాటిని శాస్త్రజ్ఞులు ఇటువంటి నమూనాలతోనే పరిశీలిస్తున్నా, వాటిలోని గణితం పాఠశాల విద్యార్థికి అందనిది. గది అలా కాదు. పిల్లలు దానిలోనే కూర్చుంటారు, దానిని టేపుతో కొలవగలరు, కంప్యూటర్ చూపించిన దానిని తల పైకెత్తి అసలుతో పోల్చుకోగలరు. నమూనానూ అసలునూ పక్కపక్కన పెట్టి చూసుకునే ఈ అవకాశం వల్లనే, గదుల రూపకల్పనకు తయారైన సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ నమూనాల విద్యకు మంచి తొలి మెట్టు అవుతుంది. ఈ అధ్యాయం ఆ విద్యను వికారాబాద్ జిల్లా బషీరాబాద్ మండలంలోని ఒక తరగతి గదిని ఆధారంగా తీసుకుని వివరిస్తుంది. ఆ గది కొలతలు లెక్క కోసం ఊహించుకున్నవే అయినా, దాని నేల మీది బండలూ దాని మీద పడే ఎండా ఆ ప్రాంతానివే.

బండల సీమ

బషీరాబాద్ తాండూరుకు పొరుగున, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. వికారాబాద్ నుంచి వాడి వెళ్లే రైలు మార్గం ఈ మండలంలోని నవాంద్గి మీదుగా సాగుతుంది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఇక్కడి భూమి రెండింటికి పేరు పొందింది: పొలాల్లో పండే కంది ఒకటి, నేల అడుగున దొరికే నాపరాయి మరొకటి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించగా, తాండూరు బండలు, సరిహద్దుకు ఆవల దొరికే వాటి తోబుట్టువులైన షాబాద్ బండలు అంతకు ఎంతో ముందునుంచే తెలుగు ఇళ్లలో నేలలుగా, మెట్లుగా, అరుగులుగా, గోడ గూళ్లలో అరలుగా అమరిపోయాయి.

భూగర్భ శాస్త్రవేత్తలు భీమా హరివాణం అని పిలిచే ప్రాంతంలోని సున్నపురాతి నిక్షేపాలలో ఈ రాయి భాగం. యాభై కోట్ల ఏళ్లకు పూర్వం లోతు తక్కువ సముద్రంలో సన్నని సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడటం వల్ల, ఈ రాతిని గనిలో ఉలితోనో యంత్రంతోనో తాకినప్పుడు అది పొరల వెంబడి చదునుగా విడివడుతుంది. మందం దాదాపు ప్రకృతే నిర్ణయించి ఇస్తుంది కాబట్టి, మనిషి చేయవలసింది పొడవు వెడల్పులను కోసి మూలలు సరిచేయడమే. అందుకే బండను చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. అంటే మూడు కొలతలున్న రాయిని వ్యాపారం రెండు కొలతల వస్తువుగా చూస్తుంది. గనిలో పనిచేసేవారూ, పాలిష్ యూనిట్లలో బండలు కోసేవారూ, వాటిని నేల మీద పరిచే మేస్త్రీలూ రోజూ చేసే ఈ సరళీకరణ నమూనా రచనలోని మొదటి పాఠమే. బషీరాబాద్, తాండూరు ప్రాంతాలలో ఎందరో పిల్లలకు ఈ కొలతల విద్య ఇంటి మాటల్లోనే వినిపిస్తుంది కాబట్టి, దానిని గణితం తరగతికీ కంప్యూటర్ తెరకూ కలపడమే ఉపాధ్యాయుడి పని.

కొలత నుంచి మొదలు

గది నమూనా కంప్యూటర్ దగ్గర మొదలు కాకూడదు. టేపు పట్టుకుని గోడ దగ్గర మొదలు కావాలి. విద్యార్థులు ముందుగా గదిని కంటితో చూసి పొడవు ఎన్ని అడుగులుంటుందో అంచనా వేసి రాసుకుని, తర్వాత అడుగులు వేసి లెక్కపెట్టి, ఆ పైన టేపుతో కొలిచి మూడు సమాధానాలనూ పోల్చుకుంటే, అంచనాకూ కొలతకూ మధ్య దూరం ఎంతో వారికే తెలుస్తుంది. ఒకే గోడను ముగ్గురు కొలిస్తే మూడు సంఖ్యలు రావచ్చు. టేపు వదులుగా వేలాడటం, గోడ గిలాబు ఒకచోట ఉబ్బి ఉండటం, సున్నా గుర్తును సరిగా ఆనించకపోవడం వంటివి దానికి కారణాలు. ప్రతి కొలతలోనూ కొంత అనిశ్చితి ఉంటుందనే ఈ ఎరుక విజ్ఞానశాస్త్రానికి పునాది కనుక, ఆ మూడు సంఖ్యలలో రెండింటిని చెరిపివేయకుండా కారణం వెతికించడం మంచిది.

గది లోపలి పొడవు 19 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 17 అడుగుల 6 అంగుళాలు వచ్చిందనుకుంటే, నాలుగు గోడల కొలతలూ తెలిసినంత మాత్రాన గది ఆకారం తెలిసినట్టు కాదు. నాలుగు పుల్లలను మూలల దగ్గర కట్టి చేసిన చట్రాన్ని ఒకవైపు నెడితే, ఏ పుల్ల పొడవూ మారకుండానే చట్రం వాలిపోతుంది. చతుర్భుజాన్ని నిర్మించడానికి ఐదు కొలతలు కావాలని ఎనిమిదో తరగతి గణితం చెప్పడానికి కారణం ఇదే. ఆ ఐదో కొలత ఎదురు మూలలను కలిపే కర్ణం. పై గది మూలలు సరిగ్గా లంబకోణంలో ఉంటే దాని కర్ణం 26 అడుగుల 2 అంగుళాలకు కొద్దిగా ఎక్కువగా, రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే గది గునియాకు లేదని మేస్త్రి అంటాడు. గునియా అంటే మూల లంబకోణాన్ని సరిచూసే పరికరం, దానినే మూలమట్టం అని కూడా పిలుస్తారు. అది సరిపోని పెద్ద మూలలకు మేస్త్రీలు దారంతో 3 అడుగులు ఒక వైపు, 4 అడుగులు మరో వైపు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వచ్చేలా సరిచేస్తారు. యజ్ఞవేదికల కొలతల కోసం తాడుతో లెక్కలు చెప్పిన ప్రాచీన శుల్బసూత్రాలలోనూ, పదో తరగతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నది ఈ సూత్రమే.

కొలతలన్నీ వచ్చాక వాటిని మొదట కాగితం మీద, అడుగుకు ఒక గడి చొప్పున గీయించాలి. చుక్కలు పెట్టి ముగ్గు వేసే పిల్లలకు ఈ గడుల అమరిక కొత్త కాదు, ఎందుకంటే చుక్కల ముగ్గులో ప్రతి చుక్కకూ వరుస సంఖ్యతోనూ వరుసలోని స్థానంతోనూ ఒక చిరునామా ఉంటుంది. ఈ చిరునామానే గణితం నిరూపకాలు అంటుంది.

గోడ అంటే కొన్ని సంఖ్యలు

గది రూపకల్పన సాఫ్ట్‌వేర్‌లలో పాఠశాలలకు బాగా అనువైనది స్వీట్ హోమ్ త్రీడీ. ఎమాన్యుయేల్ ప్యుబారే అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ జావా భాషలో రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ జీఎన్‌యూ సార్వజనిక లైసెన్సు కింద లభిస్తుంది. అంటే దానిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, అది పనిచేసే తీరును చదివి మార్చుకోవచ్చు. తెర మీద ఒక భాగంలో తలుపులు, కిటికీలు, బల్లలు, కుర్చీల జాబితా, మరో భాగంలో గదిని పైనుంచి చూసినట్టుండే పటం, దాని కింద ఎత్తుతో సహా కనిపించే త్రిమితీయ దృశ్యం ఉంటాయి. త్రిమితీయం అంటే పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతలూ ఉన్నది. పటంలో గోడ గీసిన వెంటనే కింది దృశ్యంలో గోడ లేస్తుంది, గోడ మీద తలుపును పెడితే అక్కడ గోడ తనంతట తానే తెరుచుకుని దారి ఇస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌కు గోడ అంటే ఇటుకా మట్టీ కాదు. మొదలయ్యే బిందువుకు రెండు నిరూపకాలు, ముగిసే బిందువుకు రెండు, వాటికి తోడు మందం, ఎత్తు కలిపి ఆరు సంఖ్యలుగా అది గోడను గుర్తుంచుకుంటుంది. గణితం నోటు పుస్తకంలో నిలువు అక్షం మీద పైకి వెళ్లేకొద్దీ విలువ పెరుగుతుండగా, కంప్యూటర్ పటంలో కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ఈ తేడా పిల్లలను మొదట తికమక పెట్టినా, అక్షాల దిశ ప్రకృతి పెట్టిన నియమం కాదనీ, పని సౌలభ్యం కోసం మనుషులు చేసుకున్న ఒప్పందమనీ అది తెలియజేస్తుంది.

ఇక్కడ దాదాపు ప్రతి విద్యార్థీ చేసే ఒక పొరపాటు ఉంది, అది విలువైన పొరపాటు. లోపల కొలిచిన 19 అడుగుల 6 అంగుళాలనే గోడ పొడవుగా ఇచ్చి గీస్తే, తెర మీది గది లోపలి పొడవు 18 అడుగుల 9 అంగుళాలే వస్తుంది. సాఫ్ట్‌వేర్ గోడను దాని మందానికి నడిమి గీత వెంబడి కొలుస్తుంది కనుక, గోడలు 9 అంగుళాల మందం ఉన్నప్పుడు ఒక్కో వైపు నాలుగున్నర అంగుళాలు లోపలి చోటును తినేస్తాయి. సరైన గది రావాలంటే నడిమి గీతలను 20 అడుగుల 3 అంగుళాలు, 18 అడుగుల 3 అంగుళాల దూరంలో గీయాలి. తొమ్మిది అంగుళాలు ఎక్కడికి పోయాయని వెతుక్కున్న విద్యార్థికి, కొలత అంటే సంఖ్య మాత్రమే కాదనీ, ఎక్కడి నుంచి ఎక్కడికి అనే నిర్వచనం కూడా అందులో భాగమనీ జీవితాంతం గుర్తుంటుంది.

కంప్యూటర్ తెర మీద గీతలు గీసి వాటిని సంఖ్యలుగా దాచే ఈ పద్ధతికి ఆద్యుడు ఇవాన్ సదర్లాండ్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1963లో ఆయన సమర్పించిన స్కెచ్‌ప్యాడ్ అనే పరిశోధనలో, కాంతి కలంతో తెర మీదే గీతలు గీయడం, రెండు గీతలు సమాంతరంగా ఉండాలని కంప్యూటర్‌కు షరతు పెట్టడం, ఒక మూల చిత్రాన్ని ఎన్నోచోట్ల వాడుకుని మూలాన్ని మార్చగానే వాడిన చోట్లన్నిటా మారేలా చేయడం సాధ్యమయ్యాయి. నేడు ఇంటి పటాల నుంచి యంత్ర భాగాల వరకు కంప్యూటర్ మీద గీసే ప్రతి పనిలోనూ ఆ ఆలోచనలు కొనసాగుతున్నాయి.

సంఖ్యలు బొమ్మగా మారే తీరు

ఆరు సంఖ్యల గోడ తెర మీద బొమ్మగా కనిపించడానికి రెండు పనులు జరగాలి. మొదటిది ఆకారాన్ని త్రిభుజాలుగా విడగొట్టడం. తలుపులూ కిటికీలూ లేని గోడ ఒక దీర్ఘఘనం. దానికి ఎనిమిది శీర్షాలు, ఆరు ముఖాలు ఉంటాయి, ఒక్కో ముఖాన్ని కర్ణం వెంబడి కోస్తే రెండేసి త్రిభుజాల చొప్పున మొత్తం పన్నెండు వస్తాయి. నాలుగు బిందువులు ఒకే తలంలో ఉండకపోవచ్చు గానీ ఒకే గీత మీద లేని మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి, కంప్యూటర్ బొమ్మలన్నిటికీ త్రిభుజమే ఇటుక. నాలుగు కాళ్ల కుర్చీ ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుందనీ, మూడు కాళ్ల పీట ఊగదనీ తెలిసిన పిల్లలకు ఈ సంగతిని వేరే నిరూపణతో చెప్పనక్కరలేదు.

రెండో పని దూరాన్ని లెక్కలోకి తీసుకోవడం. నవాంద్గి స్టేషన్‌లో నిలబడి చూస్తే పట్టాల మధ్య దూరం మారకపోయినా దూరం పోయేకొద్దీ అవి దగ్గరవుతున్నట్టు, స్తంభాలు పొట్టివవుతున్నట్టు కనిపిస్తాయి. ఒకే ఎత్తున్న రెండు స్తంభాలలో ఒకటి రెండింతల దూరంలో ఉంటే అది సగం ఎత్తుగా, మూడింతల దూరంలో ఉంటే మూడో వంతు ఎత్తుగా కనిపించడం సరూప త్రిభుజాల నియమం. కంప్యూటర్ కూడా ప్రతి శీర్షం ఎత్తునూ పక్కదూరాన్నీ చూసేవారి నుంచి దానికున్న దూరంతో భాగించి, వచ్చిన చోట తెర మీద చుక్క పెడుతుంది. దగ్గరి వస్తువు దూరపు దానిని కప్పివేస్తుందో లేదో చూసుకుని త్రిభుజాలకు రంగు నింపుతుంది. తెర మీది గదిలో విద్యార్థి నడుస్తున్నట్టు అనిపించే ప్రతి అడుగుకూ ఈ భాగహారాలు వేల సంఖ్యలో జరుగుతాయి. పదో తరగతిలో పరీక్ష కోసం వల్లించే సరూపత ఇంత పని చేస్తుందని చూపించడం గణితం మీద గౌరవాన్ని పెంచుతుంది.

ఎనభై ఆరా, తొంభయ్యా

నమూనాను ప్రశ్న అడిగినప్పుడే అది నమూనా అవుతుంది. లేకపోతే బొమ్మగానే మిగిలిపోతుంది. బషీరాబాద్ గదికి సహజంగా వచ్చే ప్రశ్న బండలదే: రెండడుగుల చదరపు బండలు ఎన్ని కావాలి? పాఠ్యపుస్తకం పద్ధతిలో వైశాల్యం 341.25 చదరపు అడుగులు, ఒక్కో బండ 4 చదరపు అడుగులు, భాగిస్తే 85.3 కనుక 86 బండలు చాలని సమాధానం వస్తుంది. ఆ లెక్కలో తప్పు లేదు, కానీ ఆ లెక్కతో బండలు తెచ్చుకున్నవారి నేల పూర్తికాదు.

తెర మీది గదికి స్థానికమైన బండ ఫొటో తీసి నేల రూపంగా ఇచ్చి, ఒక్కో బండ వెడల్పు రెండడుగులని చెబితే, సాఫ్ట్‌వేర్ ఆ బండలను వరుసగా పరిచి చూపిస్తుంది. పొడవు వైపు తొమ్మిది నిండు బండలు పట్టి, పదోదానికి ఒకటిన్నర అడుగుల చోటు మిగులుతుంది. వెడల్పు వైపు ఎనిమిది పట్టి, తొమ్మిదోదానికీ ఒకటిన్నర అడుగులే మిగులుతుంది. అంచు బండలను కోయగా మిగిలే ముక్కలు అర అడుగు పట్టీలు, అవి ఆ గదిలో ఇంకెక్కడా పనికిరావు. అందువల్ల పదింటిని తొమ్మిదితో గుణించి తొంభై బండలు కావాలి. 86కూ 90కీ మధ్య ఉన్న తేడా అంతా విడగొట్టలేని వస్తువును విడగొట్టగలిగినట్టు లెక్కవేయడం వల్ల వచ్చింది. వైశాల్యం అనే నమూనా రాతిని నీళ్లలా, ఎటు పోస్తే అటు పరుచుకునేదానిలా చూస్తే, బండల అమరిక అనే నమూనా దానిని రాయిలాగానే చూస్తుంది.

ఇక్కడి నుంచి పిల్లలు తామే కొత్త ప్రశ్నలు వేసుకోగలరు. పూర్తి బండలను గది మధ్యలో మొదలుపెట్టి రెండు అంచులకూ సమానంగా కోత వచ్చేలా పరిస్తే చూడటానికి బాగుంటుందా, వృథా పెరుగుతుందా, తగ్గుతుందా? అడుగున్నర చదరపు బండలైతే పొడవు వైపు సరిగ్గా పదమూడు పడతాయి, వెడల్పు వైపు మాత్రం పదకొండు పట్టి ఒక అడుగు మిగులుతుంది. అప్పుడు మొత్తం లెక్క ఎలా మారుతుంది? ఇటువంటి ప్రశ్నకు సమాధానాన్ని కాగితం మీద ఊహించి, తెర మీద పరిచి, చివరికి బడి వరండాలో ఉన్న అసలు బండలను లెక్కపెట్టి సరిచూసుకోవడం శాస్త్రీయ పద్ధతికి చక్కటి అభ్యాసం.

ఎండను అడిగి చూడటం

గది నమూనాలో బండల తర్వాత అంతటి ఫలితాన్నిచ్చే పాఠం ఎండ. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉత్తర దిశ ఎటు ఉందో, గది భూమి మీద ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉందో చెప్పడానికి ఒక దిక్సూచి గుర్తు ఉంటుంది. ఆ పైన తేదీనీ సమయాన్నీ ఇచ్చి నాణ్యమైన ఫొటోను తయారుచేయమంటే, ఆ వేళకు సూర్యుడు ఉండే చోటునుంచి వెలుగు కిటికీలోంచి లోపలికి ఎలా పడుతుందో లెక్కవేసి చూపిస్తుంది.

బషీరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీలకు కాస్త పైన ఉంది. అందువల్ల మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండి, నిలువు గోడల్లోని కిటికీల నుంచి ఆ వేళకు నేరుగా ఎండ రాదు. ఆ రోజుల్లో వేడి ఎక్కువగా పైకప్పు నుంచి దిగుతుంది. డిసెంబరు 21, 22 తేదీల్లో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు దక్షిణపు గోడలో కిటికీ పై అంచు 7 అడుగుల ఎత్తున ఉంటే, ఎండ గోడ బయటి అంచు నుంచి సుమారు 6 అడుగుల దూరం వరకు లోపలి నేల మీద పరుచుకుంటుంది. ఆ కిటికీ మీద ఒకటిన్నర అడుగులు బయటికి వచ్చేలా నీడ బండ పెడితే, ఆ దూరం నాలుగున్నర అడుగులకు తగ్గుతుంది. త్రికోణమితిలోని టాంజెంటు నిష్పత్తి తెలిసిన విద్యార్థి దీనిని కాగితం మీద లెక్క కట్టగలడు, తెలియని విద్యార్థి తెర మీద చూడగలడు.

ఇద్దరూ తర్వాత చేయవలసిన పని ఒకటే: ఆ రోజు తరగతి గదిలో ఎండ అంచు వెంబడి నేల మీద సుద్దముక్కతో గీత గీసి, నమూనా చెప్పిన చోటికి అది ఎంత దగ్గరగా వచ్చిందో చూడటం. గడియారంలో పన్నెండు కాగానే గీస్తే పొరపాటు వస్తుంది. భారత ప్రామాణిక సమయం తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల ఆధారంగా నడుస్తుంది, బషీరాబాద్ దానికి దాదాపు 5 డిగ్రీలు పడమరగా ఉంది, భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు తీసుకుంటుంది. కాబట్టి ఇక్కడ సూర్యుడు సరిగ్గా దక్షిణోత్తర రేఖ మీదికి వచ్చేది పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు దగ్గరగా. ఒక కిటికీ, ఒక సుద్దముక్క, ఒక సాఫ్ట్‌వేర్ కలిసి భూగోళం, గణితం, ఖగోళం పాఠాలను ఒకే నేల మీదికి తెస్తాయి.

నమూనా వదిలిపెట్టినవి

నమూనాను తయారుచేయడం ఎంత ముఖ్యమో, దానిని ఎక్కడ నమ్మకూడదో తెలియడం అంత ముఖ్యం. తెర మీది గదిలో గోడ పగలదు, బల్ల గాలిలో వేలాడదీసినా కింద పడదు, పునాది లేకుండానే ఇల్లు నిలబడుతుంది, ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్‌కు బరువు అనే గుణం తెలియదు. ఆకారం, కొలత, రంగు, వెలుగు వంటివాటిని ఉంచుకుని, బరువునూ బలాన్నీ వానకు నానడాన్నీ అది వదిలేసింది.

బండలనే తీసుకుంటే, ఘనమీటరుకు సుమారు 2,600 కిలోలు తూగే సున్నపురాతిలో రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న ఒక్కో బండ దాదాపు 24 కిలోలు ఉంటుంది; తొంభై బండలంటే రెండు టన్నులకు పైనే. నేల మీది గదికి ఇది చింత కాదు గానీ, అదే గది మేడ మీద ఉంటే ఆ బరువును మోసే దూలాలూ స్లాబూ ఉన్నాయా అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. అందమైన త్రిమితీయ చిత్రం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదు సరికదా, అసలు అటువంటి ప్రశ్న ఉందన్న సంగతినే మరపిస్తుంది. ఆ లోటును పూరించేది నిర్మాణ ఇంజనీరు వాడే వేరే రకపు నమూనా. దానిలో రంగులుండవు, బలాలూ వంపులూ ఉంటాయి. ఒకే గదికి మేస్త్రి ముగ్గు, విద్యార్థి తెర, ఇంజనీరు లెక్క అనే మూడు నమూనాలు ఉండవచ్చుననీ, వాటిలో ఏది సరైనదో అడిగిన ప్రశ్నను బట్టి తేలుతుందనీ గ్రహించిన విద్యార్థి, రేపు వాతావరణ సూచననో జనాభా అంచనానో చదివినప్పుడు ఇందులో ఏమి లెక్కలోకి తీసుకున్నారు, ఏమి వదిలేశారు అని అడగగలుగుతాడు. పౌరుడికి అక్కరకు వచ్చే ప్రశ్న అది.

బడిలో అమలుచేసే తీరు

పిల్లలు కంప్యూటర్‌తో వస్తువులు తయారుచేస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకోవాలన్న ఆలోచనకు బలమైన రూపమిచ్చినవాడు సీమోర్ పేపర్ట్. జెనీవాలో బాలల మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే వద్ద పనిచేసిన ఆయన, సహచరులతో కలిసి 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను రూపొందించి, 1980లో వెలువరించిన మైండ్‌స్టార్మ్స్ గ్రంథంలో తన విద్యా దృక్పథాన్ని వివరించారు. తప్పు చేసిన విద్యార్థిని తప్పు అని ముద్ర వేసి వదిలేయకుండా, తప్పు ఎక్కడుందో వెతికి సరిచేసుకునే అవకాశం ఇవ్వడం ఆ దృక్పథానికి కేంద్రం. తొమ్మిది అంగుళాలు తగ్గిన గది, నాలుగు బండలు తక్కువైన నేల ఆ అవకాశాన్నే ఇస్తాయి.

భారతదేశంలో 2012 నాటి పాఠశాలల సమాచార సాంకేతిక విధానమూ, 2020 నాటి జాతీయ విద్యా విధానమూ కంప్యూటర్ విద్యను టైపింగుకే పరిమితం చేయకుండా ఆలోచనా సాధనంగా చూడాలని కోరుతున్నాయి. అందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ వ్యవస్థను, పాఠశాల పిల్లల కోసం బాల స్వేచ్ఛను రూపొందించి, తెలుగు మాధ్యమ విద్యార్థికి కంప్యూటర్ పరాయిది కానక్కరలేదని నిరూపించింది. స్వీట్ హోమ్ త్రీడీ కూడా ఒకసారి ఎక్కించుకున్నాక ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, లైసెన్సు రుసుము అడగదు, విద్యార్థి దానిని ఇంటికి తీసుకెళ్లడం నేరం కాదు.

కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ ఉన్న బడిలో ఈ పాఠానికి నలుగురి జట్టు సరిపోతుంది: ఒకరు కొలిచేవారు, ఒకరు పటం గీసేవారు, ఒకరు తెర మీద కట్టేవారు, ఒకరు అసలుతో పోల్చి తప్పు పట్టేవారు. వారం వారం ఈ పనులు చేతులు మారాలి, లేకపోతే తెర ముందు కూర్చునే పని ఎప్పుడూ ఒకరికే దక్కి, ఆడపిల్లలకు టేపు పట్టే పని మిగులుతుంది. మేస్త్రీనో బండలు పరిచేవారినో ఒక పూట తరగతికి పిలిచి గునియా, రసమట్టం, గుండు దారం వాడే విధానాన్ని చూపించమంటే, ఆ విద్య ఎంత గొప్పదో వారి పిల్లలకూ తెలుస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చే తోటి విద్యార్థి కోసం దర్వాజ దగ్గర 90 సెంటీమీటర్ల దారి ఉందా, బల్లల మధ్య కుర్చీ తిరగగలదా అని నమూనాలో పరీక్షించి, ఫలితాన్ని ప్రధానోపాధ్యాయుల ముందు పెట్టమంటే, లెక్క ఒక మనిషికి మేలు చేసే పనిగా మారుతుంది.

ఈ పాఠాన్ని మొదలుపెట్టదలచిన ఉపాధ్యాయులు కంప్యూటర్ గది తాళం కోసం ఎదురుచూడనక్కరలేదు. ముందు ఒక టేపు, ఒక దారం, ఒక గళ్ల కాగితం పిల్లల చేతికిచ్చి, వారు రోజూ కూర్చునే గదిని కొలవమని చెప్పాలి. ఆ కొలతలు సరిగా వచ్చిన రోజునే తెర మీద గోడలు లేపడం మొదలుపెట్టాలి.